గ్యారీ కిల్డాల్

గ్యారీ ఆర్లెన్ కిల్డాల్ (మే 19, 1942 - జూలై 11, 1994) అమెరికాకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త, అధ్యాపకుడు. చిన్న కంప్యూటర్ల తొలి దశలో విస్తృతంగా వాడుకలో ఉన్న సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టం (నిర్వహణ వ్యవస్థ) ఈయన సృష్టి. యంత్రానికీ, ఆపరేటింగ్ సిస్టంకూ నడుమ నిలిచే భాగానికి బయాస్ అని పేరు పెట్టినది కూడా ఈయనే. కంప్యూటరు ఏ విధంగా ప్రారంభం కావాలో నిర్ణయించే అమరికలను వాడుకరి స్వయంగా చూచుకొని, మూలప్రతికి హాని కలుగకుండా మార్చుకొనే పద్ధతి చిన్న కంప్యూటర్లు వాడేవారికి అలవాటైనది చాలావరకు సీపీ/ఎం ద్వారానే. అయినప్పటికీ 1980లో ఐబీఎం ఒప్పందం చేజార్చుకున్న వ్యక్తిగానే ఆయన పేరు ఎక్కువగా వినబడుతూ ఉంటుంది. ఆయన చేసిన పనిని చూస్తే ఇది న్యాయమైన గుర్తింపు కాదు.

బాల్యం, విద్య

కిల్డాల్ వాషింగ్టన్ రాష్ట్రంలోని సియాటిల్ నగరంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ కిల్డాల్ నార్వే మూలాలు గల కుటుంబానికి చెందినవాడు. సముద్రయానానికి అవసరమైన దిక్కుల గణన, నక్షత్రాల కొలతలు మొదలైనవి నేర్పే కిల్డాల్ నావికా పాఠశాలను ఆ కుటుంబం సియాటిల్‌లో నడిపేది. చిన్నతనంలో గ్యారీకి బడి చదువు కంటే యంత్రాలను విప్పి చూడడం మీదనే ఆసక్తి ఎక్కువ. ఉన్నత పాఠశాల ముగిసిన తరువాత కొంతకాలం కుటుంబ పాఠశాలలో తానూ బోధించాడు.

తరువాత గణిత ఉపాధ్యాయుడు కావాలన్న ఉద్దేశంతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ కంప్యూటర్లతో పరిచయం కలిగి ఆయన మార్గం మారింది, కానీ బోధన పట్ల ఇష్టం మాత్రం చివరి వరకు నిలిచింది. 1963లో చిన్ననాటి స్నేహితురాలు డొరొతీ మెక్‌ఈవెన్‌ను వివాహమాడాడు. వీరికి స్కాట్, క్రిస్టిన్ అని ఇద్దరు సంతానం.

అధ్యాపక వృత్తి, ఇంటెల్‌తో పరిచయం

వియత్నాం యుద్ధకాలంలో సైనిక సేవ తప్పనిసరి కాగా, కిల్డాల్ కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణంలో ఉన్న నౌకాదళ పోస్టుగ్రాడ్యుయేటు విద్యాలయంలో కంప్యూటరు శాస్త్రం బోధించే పనిలో నియుక్తుడయ్యాడు. సేవాకాలం ముగిసిన తరువాత కూడా అక్కడనే అధ్యాపకుడిగా కొనసాగాడు. మధ్యలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్ళి 1972లో డాక్టరేటు పూర్తి చేశాడు. ప్రోగ్రాములోని విలువలు ఒక మెట్టు నుండి మరొక మెట్టుకు ఎలా ప్రవహిస్తాయో విశ్లేషించి, అనవసరమైన లెక్కలను తొలగించే విధానాన్ని ఆయన సూత్రబద్ధం చేశాడు. 1973లో ప్రచురితమైన ఈ పరిశోధన కంపైలర్ల నిర్మాణం చదివే విద్యార్థులకు నేటికీ పాఠ్యాంశమే. ఆపరేటింగ్ సిస్టం కీర్తి వెనుక ఈ పని మరుగున పడింది కానీ, శాస్త్రజ్ఞుడిగా ఆయన స్థానాన్ని నిర్ణయించేటప్పుడు దీనిని విస్మరించరాదు.

1971లో ఇంటెల్ సంస్థ 4004 అనే మైక్రోప్రాసెసరును విడుదల చేసింది. కిల్డాల్ దానిని కొని ప్రయోగాలు మొదలుపెట్టాడు. మాంటెరే నుండి ఇంటెల్ కార్యాలయానికి కారులో వెళ్ళిరాగల దూరమే కావడంతో, సెలవు దినాలలో అక్కడికి వెళ్ళి సలహాదారుగా పనిచేశాడు. ఇంటెల్ 8008, 8080 ప్రాసెసర్లకు ప్రోగ్రాములు వ్రాయడానికి అనువైన పీఎల్/ఎం అనే భాషను ఆ సంస్థ కొరకు రూపొందించాడు. సీపీ/ఎంలో అధికభాగం తొలుత ఈ భాషలోనే వ్రాయబడింది.

సీపీ/ఎం ఆవిర్భావం

ఆ కాలంలో చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములను కాగితపు టేపు మీద రంధ్రాల రూపంలో అందించేవారు. టేపు చదివే యంత్రం నిదానంగా నడిచేది, టేపు చినిగితే పని మొత్తం వృథా అయ్యేది. అప్పటికి కొత్తగా వచ్చిన ఎనిమిది అంగుళాల ఫ్లాపీ డిస్కు ఈ బాధకు పరిష్కారమని కిల్డాల్ గుర్తించాడు. షుగార్ట్ సంస్థ నుండి ఒక డిస్కు డ్రైవు సంపాదించాడు గాని, దానిని కంప్యూటరుకు కలిపే విద్యుత్ పరికరాన్ని తయారు చేయడం ఆయనకు సాధ్యపడలేదు. మిత్రుడు జాన్ టొరోడ్ ఆ పరికరాన్ని నిర్మించి ఇచ్చాడు. పసిఫిక్ గ్రోవ్ పట్టణంలో కిల్డాల్ ఇంటి పెరటిలో పనిముట్లు ఉంచుకొనే కొట్టం ఉండేది. 1974లో ఆ కొట్టంలోనే సీపీ/ఎం మొదటిసారి పనిచేసింది.

సీపీ/ఎం అన్నది తొలుత కంట్రోల్ ప్రోగ్రాం/మానిటర్ అన్న మాటలకు సంక్షిప్తం. తరువాతి కాలంలో కంట్రోల్ ప్రోగ్రాం ఫర్ మైక్రోకంప్యూటర్స్ అని వ్యవహరించారు. దీనిని విక్రయించడానికి ఇంటెల్ ఆసక్తి చూపలేదు. అందువలన కిల్డాల్ దంపతులు ఇంటర్‌గెలాక్టిక్ డిజిటల్ రీసెర్చ్ అన్న ఆడంబరమైన పేరుతో సొంత సంస్థ ప్రారంభించారు. తరువాత ఇది డిజిటల్ రీసెర్చ్‌గా స్థిరపడింది. వ్యాపార వ్యవహారాలన్నీ డొరొతీ తన పుట్టింటి పేరుతోనే చూచుకొనేది. గ్యారీకి కార్యాలయ వ్యవహారాల మీద పెద్దగా మక్కువ ఉండేది కాదు.

బయాస్

1970ల మధ్యలో చిన్న కంప్యూటర్లను అనేక సంస్థలు తయారు చేయడం మొదలుపెట్టాయి. ప్రాసెసరు ఒకటే అయినా ఒక్కొక్క యంత్రంలో డిస్కు, తెర, ముద్రణ యంత్రం కలిపే తీరు వేరువేరుగా ఉండేది. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా సీపీ/ఎంను మొదటి నుండి చివరి వరకు సవరించవలసి వచ్చేది. ఇమ్సాయ్ సంస్థ తన 8080 కంప్యూటరుకు సీపీ/ఎం కావాలని కోరిన సందర్భంలో కిల్డాల్ ఈ చిక్కుకు శాశ్వత పరిష్కారం ఆలోచించాడు.

సీపీ/ఎంను ఆయన మూడు భాగాలుగా విడదీశాడు. వాడుకరి టైపు చేసిన ఆదేశాన్ని అర్థం చేసుకొనే భాగం సీసీపీ. ఫైళ్ళను నిర్వహించే భాగం బీడాస్. ఆయా యంత్రానికి ప్రత్యేకమైన వివరాలన్నీ ఇమిడి ఉండే చిన్న భాగం బయాస్. మొదటి రెండు భాగాలకు యంత్రంతో నేరుగా సంబంధం ఉండదు. అక్షరం తెర మీద చూపడం, మీట నొక్కినదీ లేనిదీ తెలుసుకోవడం, డిస్కులో ఒక సెక్టారు చదవడం వంటి పనులకు అవి బయాస్‌ను అడుగుతాయి. సీపీ/ఎం 2.2 నాటికి ఇటువంటి పనుల పట్టికలో 17 అంశాలు ఉండేవి. ఆ పదిహేడింటిని తన యంత్రానికి తగినట్లు వ్రాసుకొన్న ఏ తయారీదారు అయినా మిగతా సీపీ/ఎంను, దాని మీద నడిచే వేలాది ప్రోగ్రాములను యథాతథంగా వాడుకోవచ్చు.

ఇమ్సాయ్ తరఫున ఈ ఒప్పందం కుదుర్చుకొన్న సేమోర్ రూబిన్‌స్టీన్ ఆ తరువాత సొంత సంస్థ స్థాపించి, 1978లో సీపీ/ఎం కొరకు వర్డ్‌స్టార్‌ను విడుదల చేశాడు. డీబేస్ కూడా తొలుత సీపీ/ఎం మీదనే ప్రచారంలోకి వచ్చింది. ఒకే ప్రోగ్రాము వేరువేరు సంస్థల యంత్రాల మీద నడిచే వీలు కలగడం వలననే సాఫ్ట్‌వేరు అమ్మకం ఒక ప్రత్యేక వ్యాపారంగా ఎదగగలిగింది.

ప్రారంభపు అమరికలను చూడడం, మార్చడం

బయాస్‌ను విడదీయడం వలన మరొక మేలు కూడా జరిగింది. కంప్యూటరు ప్రారంభానికి సంబంధించిన అమరికను, ప్రోగ్రామింగు కొంత తెలిసిన వాడుకరి ఆదేశ పంక్తి నుండే పరిశీలించి సవరించుకొనే అవకాశం ఏర్పడింది. ముద్రణ యంత్రం మార్చినా, కొత్త డిస్కు డ్రైవు చేర్చినా, జ్ఞాపకశక్తి (మెమొరీ) పెంచినా ఈ సవరణ అవసరమయ్యేది.

సీపీ/ఎం వాడిన ప్రామాణిక ఎనిమిది అంగుళాల ఫ్లాపీలో 77 ట్రాకులు, ఒక్కొక్క ట్రాకులో 26 సెక్టార్లు, ఒక్కొక్క సెక్టారులో 128 బైట్లు ఉండేవి. మొదటి రెండు ట్రాకులు వ్యవస్థకే కేటాయించబడ్డాయి. అంటే ప్రారంభానికి కావలసిన సమస్తం 52 సెక్టార్లలో, అనగా 6,656 బైట్లలో ఇమిడిపోయేది. ఈ వ్యాసంలోని ఒక విభాగం ఆక్రమించే స్థలం అంతకంటే ఎక్కువే. యంత్రం ఆన్ చేయగానే మొదటి సెక్టారులోని చిన్న ప్రోగ్రాము మెమొరీలోకి వచ్చి, మిగిలిన భాగాలను చదివి, మెమొరీ పై అంచున అమర్చి, అధికారాన్ని బయాస్‌కు అప్పగించేది. ఆ తరువాత తెర మీద ఏ అన్న అక్షరం, దాని ప్రక్కన బాణపు గుర్తు కనబడేవి.

ఈ రెండు ట్రాకులు ఫైళ్ళ జాబితాలో కనబడవు. డిర్ ఆదేశంతో వాటిని చూడలేరు, ఎరా ఆదేశంతో పొరపాటున చెరిపివేయలేరు. వాటిని పరిశీలించడానికి ఒక క్రమం ఉండేది. సిస్‌జెన్ అనే ప్రోగ్రాము ఆ ట్రాకులను మెమొరీలోకి చదివేది. మెమొరీ పరిమాణం మారినట్లయితే మూవ్‌సీపీఎం అనే ప్రోగ్రాము కొత్త పరిమాణానికి తగిన ప్రతిని తయారు చేసేది. ఆ ప్రతిని సేవ్ అనే ఆదేశంతో మామూలు ఫైలుగా భద్రపరచాలి. సీపీ/ఎం 2.2లో సేవ్ 34 అని టైపు చేసేవారు. ఇందులో 34 అన్నది 256 బైట్ల పుటల సంఖ్య. తరువాత డీడీటీ అనే పరిశీలన సాధనంతో ఆ ఫైలును తెరవాలి. డీ అని టైపు చేస్తే వరుసకు 16 బైట్ల చొప్పున విలువలు, వాటి ప్రక్కన అక్షర రూపం కనబడేవి. ఎస్ ఆదేశం పాత విలువను ముందుగా చూపి, కొత్త విలువ కొరకు ఎదురు చూచేది. ఏమీ టైపు చేయకుండా ముందుకు సాగితే పాత విలువ చెక్కుచెదరదు.

సవరణ పూర్తయిన తరువాత దానిని మరల ఫైలుగా భద్రపరచి, సిస్‌జెన్ ద్వారా వేరొక ఫ్లాపీ మీద వ్రాసేవారు. డిస్కును డ్రైవులో ఉంచి రిటర్న్ మీట నొక్కమని సిస్‌జెన్ అడిగి ఆగేది. ఆ మీట నొక్కే వరకు జరిగినదంతా నకలు మీద జరిగినదే. కొత్త ఫ్లాపీతో యంత్రం ప్రారంభం కాకపోతే పాత ఫ్లాపీ చేతిలో ఉంటుంది. ఆళ్ళగడ్డ శిల్పి రాతి మీద గీత గీసుకొని, కొలత సరిచూచుకొన్న తరువాత గాని ఉలి పెట్టడు. రాలిన పెచ్చును తిరిగి అతికించలేడు కనుక అతనికి ఆ జాగ్రత్త అవసరం. కిల్డాల్ పద్ధతిలో రాయి అసలు ముట్టుకోబడదు, నకలు రాయి మీదనే ఉలి పడుతుంది.

బయాస్ యొక్క మూల పాఠాన్ని సవరించడానికి ఈడీ అనే పంక్తి సంపాదకం (లైన్ ఎడిటరు) ఉండేది. నేటి విద్యార్థికి ఇది మిక్కిలి మొరటుగా కనబడుతుంది. ఫైలు తెరిచినంత మాత్రాన అందులోని పాఠం కనబడదు, ఎన్ని పంక్తులు కావాలో చెప్పి మెమొరీలోకి రప్పించుకోవాలి. అయితే దీని అంతర్నిర్మాణంలో గొప్ప జాగ్రత్త దాగి ఉంది. సవరించిన పాఠాన్ని ఈడీ మూల ఫైలులో వ్రాయదు, మూడు డాలరు గుర్తులు పొడిగింపుగా గల తాత్కాలిక ఫైలులో వ్రాస్తుంది. వాడుకరి ఈ అని ముగించినప్పుడు మాత్రమే పాత ఫైలుకు బాక్ అన్న పొడిగింపు ఇచ్చి ప్రక్కన ఉంచి, తాత్కాలిక ఫైలుకు అసలు పేరు పెడుతుంది. మధ్యలో మనసు మార్చుకొని క్యూ అంటే పాత ఫైలు ఉన్నది ఉన్నట్లే మిగులుతుంది. మధ్యలో విద్యుత్తు పోయినా మూల ఫైలు పేరు మారి ఉండదు.

ఇక్కడ ఒక లోపం లేకపోలేదు. బాక్ ఫైలు ఒక్క తరానిదే. ఒకసారి తప్పు సవరణ చేసి, దానిని సరిదిద్దడానికి ఈడీని రెండవసారి నడిపితే, మొదటి మంచి ప్రతి పోయి తప్పు ప్రతియే బాక్‌గా మిగులుతుంది. అందుచేత అనుభవజ్ఞులు సవరణకు ముందే పిప్ అనే ప్రోగ్రాముతో వేరొక డిస్కులోకి నకలు తీసుకొనేవారు. పిప్‌కు వీ అనే సూచన ఇస్తే వ్రాసిన దానిని తిరిగి చదివి సరిపోల్చేది. కేవలం చూడడానికి టైప్ ఆదేశం సరిపోతుంది. టైప్‌కు వ్రాసే శక్తి లేదు, కాబట్టి దాని వలన ఏ ప్రమాదమూ లేదు. సీపీ/ఎం 2 నుండి స్టాట్ ప్రోగ్రాముతో ఒక ఫైలును చదువుటకు మాత్రమే అని గుర్తు పెట్టవచ్చు, అవసరమైతే డ్రైవు మొత్తాన్ని తాత్కాలికంగా అలాగే ఉంచవచ్చు. వాడుకరి చెప్పకుండా డ్రైవులో ఫ్లాపీ మార్చినట్లయితే, సీపీ/ఎం ఆ మార్పును పసిగట్టి ఆ డ్రైవు మీద వ్రాయడం తనంతట తానే నిలిపివేసేది. దీనిని విసుగు పుట్టించే అలవాటుగా ఆనాటి వాడుకరులు భావించినా, ఎన్నో ఫ్లాపీలు పాడుకాకుండా కాపాడినది ఇదే.

1983 నాటి సీపీ/ఎం ప్లస్‌లో ప్రొఫైల్.సబ్ అనే ఫైలు వచ్చింది. యంత్రం ప్రారంభం కాగానే ఇందులోని ఆదేశాలు వరుసగా అమలు అవుతాయి. ఇది మామూలు పాఠ్య ఫైలు కనుక డీడీటీతో పని లేకుండా ఈడీతోనే మార్చుకోవచ్చు.

ఐబీఎం ఒప్పందం

1980లో ఐబీఎం తన వ్యక్తిగత కంప్యూటరు కొరకు ఆపరేటింగ్ సిస్టంను వెదుకుతూ, మైక్రోసాఫ్ట్ అధిపతి బిల్ గేట్స్ సూచన మీద డిజిటల్ రీసెర్చ్‌ను సంప్రదించింది. ఐబీఎం ప్రతినిధులు పసిఫిక్ గ్రోవ్ వచ్చిన రోజు ఉదయం కిల్డాల్ మరొక వ్యాపార పని మీద తన సొంత విమానంలో వెళ్ళి ఉన్నాడు. అటువంటి చర్చలు చూచుకొనేది డొరొతీయే కనుక ఆయన వెళ్ళడంలో అసాధారణం ఏమీ లేదు. సంభాషణ రహస్యంగా ఉంచుతామన్న పత్రం మీద ముందుగా సంతకం చేయాలని ఐబీఎం కోరింది. అందులోని నియమాలు ఏకపక్షంగా ఉన్నాయన్న సందేహంతో డొరొతీ, సంస్థ న్యాయవాది వెనుకాడారు. మధ్యాహ్నం కిల్డాల్ తిరిగి వచ్చి చర్చలలో పాల్గొన్నాడా లేదా అన్న విషయంలో పాల్గొన్నవారి కథనాలు పరస్పరం భిన్నంగా ఉన్నాయి. ఐబీఎం వారిని వదలి ఆకాశ విహారానికి వెళ్ళాడన్న ప్రచారం మాత్రం వాస్తవం కాదు.

ఒప్పందం కుదరలేదు. మైక్రోసాఫ్ట్ ఆ పనిని చేపట్టి, సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ సంస్థలో టిమ్ ప్యాటర్సన్ వ్రాసిన 86-డాస్‌ను సంపాదించి, 1981లో పీసీ డాస్‌గా ఐబీఎంకు అందించింది. సీపీ/ఎం ప్రోగ్రాములను సులభంగా మార్చుకొనే వీలు ఉండాలని ప్యాటర్సన్ తన వ్యవస్థ పిలుపులను సీపీ/ఎం పద్ధతిలోనే అమర్చాడు. కిల్డాల్ దీనికి అభ్యంతరం చెప్పగా, ఐబీఎం సీపీ/ఎం-86ను కూడా తన కంప్యూటరుతో విక్రయించడానికి అంగీకరించింది. ధరలు ప్రకటించినప్పుడు పీసీ డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 240 డాలర్లుగా ఉన్నాయి. కొనుగోలుదారులు దేనిని ఎంచుకొన్నారో వేరుగా చెప్పనవసరం లేదు.

86-డాస్ సీపీ/ఎంకు నకలా, కాదా అన్న వివాదం చాలాకాలం సాగింది. 2004లో హెరాల్డ్ ఎవాన్స్ వ్రాసిన గ్రంథం కిల్డాల్ పక్షాన్ని సమర్థించింది. తన ప్రతిష్ఠకు భంగం కలిగిందని ప్యాటర్సన్ వేసిన దావాను న్యాయస్థానం 2007లో కొట్టివేసింది. ఆదేశాల తీరు, ఎనిమిది అక్షరాల పేరు, మూడక్షరాల పొడిగింపు, డ్రైవులకు అక్షరాల పేర్లు సీపీ/ఎం నుండి డాస్‌కు సంక్రమించాయన్నది మాత్రం స్పష్టం. వీటిలో కొన్నింటిని కిల్డాల్ కూడా డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థ కంప్యూటర్ల నుండి గ్రహించాడు. పిప్, డీడీటీ అన్న పేర్లు అక్కడివే.

డాస్‌లో కొనసాగిన పద్ధతి

డాస్‌లో ప్రారంభపు అమరికలు రెండు పాఠ్య ఫైళ్ళలో ఉండేవి. ఆటోఎగ్జెక్.బ్యాట్ ప్రారంభంలో నడవవలసిన ఆదేశాల వరుస. 1983లో డాస్ 2.0తో వచ్చిన కాన్ఫిగ్.సిస్ పరికరాల చోదకాలను (డ్రైవర్లను), ఒకేసారి తెరవగల ఫైళ్ళ సంఖ్యను నిర్ణయించేది. ప్యాటర్సన్ వ్రాసిన ఎడ్‌లిన్ కూడా ఈడీ వలెనే బాక్ ఫైలును ప్రక్కన ఉంచేది.

తెలుగునాట కిల్డాల్ పేరు వినని వారికి కూడా ఆయన పద్ధతులు చేరినది ఈ మార్గంలోనే. 1990లలో నంద్యాల, ఆళ్ళగడ్డ వంటి పట్టణాల వరకు వ్యాపించిన కంప్యూటరు శిక్షణలో డాస్, వర్డ్‌స్టార్, లోటస్ 1-2-3, డీబేస్ అన్నవి ప్రసిద్ధమైన పాఠాల వరుస. వీటిలో రెండవది, నాలుగవది సీపీ/ఎం మీద పుట్టినవే. మొదటిదానికి సీపీ/ఎం మేనత్త వరుస అనవచ్చు. కాన్ఫిగ్.సిస్‌లో ఒక్క పంక్తి తప్పు పడినా ఆ యంత్రం ఆగిపోయే ప్రమాదం ఉండేది, మరమ్మతుకు వచ్చేవారు కర్నూలు నుండో, హైదరాబాదు నుండో రావలసిన పరిస్థితిలో ఇది చిన్న నష్టం కాదు. అందుచేత జాగ్రత్త తెలిసినవారు ముందుగా టైప్‌తో చూచి, కాపీతో నకలు తీసి, ఏ పంక్తినీ చెరపకుండా దాని మొదట రెమ్ అని చేర్చి నిలిపివేసి, ప్రారంభ ఫ్లాపీని దగ్గర ఉంచుకొని మాత్రమే యంత్రాన్ని తిరిగి ప్రారంభించేవారు.

డిజిటల్ రీసెర్చ్ 1988లో డాస్‌కు పోటీగా డీఆర్ డాస్‌ను విడుదల చేసింది. 1991 నాటి డీఆర్ డాస్ 6.0లో కాన్ఫిగ్.సిస్ పంక్తి ముందు ప్రశ్నార్థకం ఉంచితే, ఆ పంక్తిని అమలు చేయాలా వద్దా అని యంత్రం ప్రారంభంలోనే అడిగేది. సందేహం ఉన్న పంక్తికి ఈ గుర్తు పెట్టినచో, అది తప్పు అయినా వాడుకరి కాదని చెప్పి బయటపడవచ్చు. మైక్రోసాఫ్ట్ డాస్‌లో ఇటువంటి సౌకర్యం 1993లో 6.0తో వచ్చింది. తరువాతి విండోస్ ఎన్‌టీ తరగతి వ్యవస్థలలో బూట్.ఐనీ అనే పాఠ్య ఫైలు, 2007లో విస్టా నుండి దాని స్థానంలో బీసీడీ అనే నిధి వచ్చాయి. బీసీడీని సవరించే బీసీడీఎడిట్ ఆదేశానికి కూడా ముందుగా ఎక్స్‌పోర్ట్ చేసి నకలు భద్రపరచే సూచన ఉంది. యంత్రాలలోని బయాస్ స్థానాన్ని క్రమేణా యూఈఎఫ్ఐ ఆక్రమించింది కానీ, వాడుకలో దానిని కూడా బయాస్ అనే పిలుస్తున్నారు.

ఇతర కృషి

1980ల ఆరంభంలో డిజిటల్ రీసెర్చ్ ఉద్యోగుల సంఖ్య 500 దాటింది. ఒకేసారి అనేక పనులు చేసే ఎంపీ/ఎం, కన్‌కరెంట్ సీపీ/ఎం, చిత్రరూప తెర గల జెమ్ ఆ సంస్థ ఉత్పత్తులే. కిల్డాల్ 1983లో డొరొతీ నుండి విడిపోయాడు. స్టువర్ట్ షిఫే నిర్వహించిన కంప్యూటర్ క్రానికల్స్ అనే అమెరికా టెలివిజన్ కార్యక్రమంలో 1990 వరకు సహ వ్యాఖ్యాతగా పాల్గొన్నాడు. పోటీదారుల ఉత్పత్తులను కూడా అందులో ఆయన ఓర్పుతో వివరించడం చూస్తే, పూర్వపు అధ్యాపకుడు కనబడతాడు.

విజ్ఞాన సర్వస్వాలు చదివేవారికి ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉంది. కాంపాక్టు డిస్కులో సంగీతమే కాక పుస్తకాలను కూడా నింపవచ్చునని గ్రహించి, కిల్డాల్ 1980ల మధ్యలో మరొక సంస్థ స్థాపించాడు. ఇరవై సంపుటాల పైచిలుకు గ్రోలియర్ విజ్ఞాన సర్వస్వాన్ని 1985లో ఒకే డిస్కులో వెదుక వీలుగా అందించాడు. సీడీ-రాం రూపంలో విజ్ఞాన సర్వస్వం రావడం అదే ప్రథమం.

చివరి సంవత్సరాలు

1991లో నోవెల్ సంస్థ డిజిటల్ రీసెర్చ్‌ను కొనుగోలు చేసింది. కిల్డాల్ టెక్సాస్ రాష్ట్రంలోని ఆస్టిన్ పరిసరాలకు నివాసం మార్చాడు. ధనానికి లోటు లేకపోయినా, ఐబీఎం కథను గురించిన ప్రశ్నలు ఆయనను వెంటాడుతూనే ఉండేవి. 1992లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు శాస్త్ర విభాగం తన వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థిగా ఆయనను ఆహ్వానించింది. ముఖ్యోపన్యాసం మాత్రం బిల్ గేట్స్‌కు అప్పగించింది. గేట్స్ ఆ విశ్వవిద్యాలయంలో చదివినవాడు కాదు. ఆ సంఘటన తరువాత కిల్డాల్ తన జ్ఞాపకాలను వ్రాయడం ప్రారంభించి, 1993లో ఆ వ్రాతప్రతిని కుటుంబ సభ్యులకు, కొద్దిమంది మిత్రులకు పంచిపెట్టాడు.

1994 జూలై 8న మాంటెరేలోని ఒక పానశాలలో ఆయన తలకు గాయమైంది. అది ఎలా తగిలిందో నిర్ధారణ కాలేదు. మూడు రోజుల తరువాత, జూలై 11న తన 52వ ఏట మరణించాడు. సియాటిల్ నగరపు ఉత్తర భాగంలోని శ్మశానవాటికలో ఖననం చేశారు.

మరణానంతర గుర్తింపు

1995లో అమెరికా సాఫ్ట్‌వేరు ప్రచురణకర్తల సంఘం ఆయన కృషిని మరణానంతరం సత్కరించింది. 2014 ఏప్రిల్‌లో ఐఈఈఈ సంస్థ సీపీ/ఎంను సాంకేతిక చరిత్రలో మైలురాయిగా గుర్తించి, పసిఫిక్ గ్రోవ్‌లోని పూర్వపు కార్యాలయం వద్ద ఫలకం నెలకొల్పింది. అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని కంప్యూటరు చరిత్ర మ్యూజియం సీపీ/ఎం తొలి రూపాల మూల పాఠాన్ని విడుదల చేసింది. కిల్డాల్ సంతానం అనుమతితో ఆయన జ్ఞాపకాల మొదటి భాగాన్ని 2016లో ఆ మ్యూజియమే ప్రకటించింది.